గుడిసె ఆమెది: ఖోయ్‌ఖోయ్ పెళ్లిళ్లపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఆఫ్రికా నైరుతి మూలన ఆవులు, గొర్రెలు మేపుకుంటూ బతికిన ఖోయ్‌ఖోయ్ జనం పెళ్లిళ్ల గురించి ఈరోజు చర్చ. ఎక్కడ మొదలుపెడదామండీ?

పరిశోధకురాలు: గుడిసె దగ్గర. ముఖ్యంగా ఖోయ్‌ఖోయ్‌లలో ఒకటైన నామా తెగ వాళ్లది. కొమ్మలు వంచి చట్రం కట్టి, పైన రెల్లు చాపలు కప్పుతారు. చాపలు చేసేది ఆడవాళ్లే. ఎండకు రెల్లు కుంచించుకుపోయి సందుల్లోంచి గాలి ఆడుతుంది. వాన పడితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. మంద కదిలితే చాపలు చుట్టి ఎద్దుల మీద వేసుకోవడమే. ఆ గుడిసె భార్యది. లోపల పాలు ఎవరికి ఎంత పోయాలో చెప్పేది ఆమే.

చరిత్ర అధ్యాపకుడు: వంశం తండ్రి వైపు సాగేది కదా?

పరిశోధకురాలు: అవును. కానీ పేర్లు అడ్డంగా నడిచేవి. కొడుకుకు తల్లి వంశనామం, కూతురికి తండ్రిది.

వ్యాఖ్యాత: ఒకే వంశంలో పెళ్లి?

పరిశోధకురాలు: కూడదు. పెదనాన్న, పిన్ని పిల్లలు తోబుట్టువులే. మేనత్త, మేనమామ పిల్లలతో మాత్రం సరసమాడవచ్చు, పెళ్లీ కుదరవచ్చు. మేనరికం తెలిసిన మనకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

వ్యాఖ్యాత: మరి కట్నం?

పరిశోధకురాలు: ఇక్కడ ఇచ్చేది అబ్బాయి. అమ్మాయిని పెంచి పెద్ద చేసినందుకు ఆమె తల్లికి ఒక ఆవు. తండ్రికి కాదు, తల్లికి! పెళ్లయ్యాక మొదటి బిడ్డ పుట్టేదాకా అల్లుడు అత్తవారి దగ్గరే ఉండేవాడు. కొన్నాళ్ల ఇల్లరికం అనుకోండి.

చరిత్ర అధ్యాపకుడు: బయటివాళ్లు రాసింది మాత్రం వేరు. జర్మన్ యాత్రికుడు పీటర్ కోల్బ్ 1719లో అచ్చువేసిన పుస్తకంలో, పెద్దమనిషి వధూవరుల మీద మూత్రం పోసి దీవించేవాడని రాశాడు. యూరప్ పాఠకులు ఆ ముక్కనే నెమరువేశారు.

పరిశోధకురాలు: నాకు కోపం వచ్చేదీ అక్కడే. తల్లికి ఇచ్చే ఆవు ఎవరి కంటా పడలేదు. వాళ్లను ‘హాటెంటాట్లు’ అని వెక్కిరించారు. ఖోయ్‌ఖోయ్ అంటే మనుషుల్లో మనుషులని అర్థం.

చరిత్ర అధ్యాపకుడు: 1664లో, ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌లో స్థిరపడిన డచ్చివాళ్లకు దుబాసీగా ఉన్న ఖోయ్‌ఖోయ్ అమ్మాయి క్రొటోవా, పీటర్ వాన్ మీర్‌హాఫ్ అనే వైద్యుణ్ణి క్రైస్తవ పద్ధతిలో పెళ్లాడింది. 1713 మశూచి కేప్ ప్రాంతంలోని ఖోయ్‌ఖోయ్ కుటుంబాలను ఊడ్చేసింది. పద్ధతులు చెప్పే పెద్దలు కూడా అందులోనే పోయారు.

వ్యాఖ్యాత: ఆ గుడిసెలు ఇప్పుడున్నాయా?

పరిశోధకురాలు: దక్షిణాఫ్రికా వాయవ్య మూలన రిక్టర్స్‌వెల్డ్‌లో ఉన్నాయి. 2007లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెల్లు దొరకని చోట గోనెపట్టా, ప్లాస్టిక్ కప్పుతున్నారు. చట్రం మాత్రం అదే.