ఖజానా తాళం ఎవరి చేతిలో ఉంది? – బంగ్సమోరో స్వపరిపాలన
(గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం గురించి గుంటూరు సభలో విడమరిచి చెప్పనక్కరలేదు. తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణకే ఖర్చు పెట్టాలని అందులో రాసుకున్నారు. ఆ సొమ్మును ఏటా విడిగా తీసి అప్పగించే కట్టుదిట్టమైన ఏర్పాటు మాత్రం జరగలేదు. 1969లో ఉద్యమం లేచాక, మిగులు ఎంతో లెక్క తేల్చడానికి కమిటీలు వేయవలసి వచ్చింది. కోస్తావాళ్లం ఈ విషయాన్ని నిజాయితీగా ఒప్పుకున్న తరువాతే ఇతర దేశాల ఒప్పందాల గురించి మాట్లాడడం న్యాయమని నా అభిప్రాయం.

ఫిలిప్పీన్స్ దక్షిణ భాగంలో, మిండనావోలోనూ దాని పక్కనున్న సులు దీవుల్లోనూ తరతరాలుగా ఉన్న ముస్లిం తెగలను కలిపి మోరోలంటారు; వారి స్వపరిపాలన ప్రాంతానికి ఇప్పటి పేరే బంగ్సమోరో. ఉత్తరాది నుంచి సాగిన వలసల వల్ల వారు భూములు పోగొట్టుకొని, సొంత గడ్డ మీదనే సంఖ్యలో తగ్గిపోయారు; 1970ల నుంచి ఆయుధాలు పట్టారు. 1989లో వారికొక స్వపరిపాలన ప్రాంతం ఏర్పడింది, 1996లో మోరో జాతీయ విమోచన సంస్థతో తుది శాంతి ఒప్పందమూ కుదిరింది. అయినా ఆ ప్రాంతీయ ప్రభుత్వం, ఏదో ఒక శాఖలాగా, ఏటా మనీలాలోని కాంగ్రెస్ (ఆ దేశపు చట్టసభ) ముందు చేయి చాచవలసి వచ్చేది.

మోరో ఇస్లామిక్ విమోచన సంస్థతో 2014 మార్చి 27న జరిగిన సమగ్ర ఒప్పందం, దాన్ని అనుసరించి 2018లో వచ్చిన చట్టం మొదట సరిదిద్దింది దీన్నే. దేశపు నికర పన్ను రాబడిలో 5 శాతం, ఎవరూ అడగకుండా, ఎవరి దయా లేకుండా, ఏటా ప్రాంతానికి చేరాలి. 80 స్థానాల ప్రాంతీయ పార్లమెంటు కంటే, ప్రాంత ప్రభుత్వం కొలువైన కొటబాటో నగరంలో ఎగిరే జెండా కంటే ఈ ఒక్క నిబంధనే నాకు గొప్పదిగా కనిపిస్తుంది. బడి పంతులుకి జీతం ఇవ్వగలిగిన ప్రభుత్వాన్నే జనం తమ ప్రభుత్వమని నమ్ముతారు. ఆ తరువాత 26,000 మందికి పైగా పోరాటకారులు ఆయుధ విరమణ ప్రక్రియలోకి వచ్చారు.

ఇక సులు సంగతి. కొత్త బంగ్సమోరో ప్రాంతంలో చేరాలా అని అడిగిన 2019 ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడి ఓటర్లలో ఎక్కువమంది వద్దన్నారు. 1989 నాటి పాత ప్రాంతం మొత్తం ఓట్లనూ ఒకే లెక్కగా చూసి వారినీ కలిపేశారు. అల్పసంఖ్యాకుల మాట వినడానికే పుట్టిన ఏర్పాటు తనలోని మరో అల్పసంఖ్యాకుల మాట వినలేదన్నది నన్ను కలచివేసే విషయం. ప్రత్యేకంగా ఓటు వేసి సమ్మతించని రాష్ట్రాన్ని చేర్చడం రాజ్యాంగ విరుద్ధమని 2024 సెప్టెంబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. సులుకు కేటాయించిన 7 స్థానాలను ఎవరికి పంచాలన్న చిక్కుతో, అప్పటికే 2022 నుంచి వాయిదా పడి ఉన్న తొలి ఎన్నికలు మళ్లీ వెనక్కి జరిగాయి.