సోయా డిప్ వద్దనేది హార్మోన్ల వల్ల కాదు, కంపు వల్ల!

"సోయా తింటే మగాళ్ల హార్మోన్లు తారుమారు" అనే వీడియోలు మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. నేను చెప్పనా? ఉడికిన సోయా గింజల్ని రుబ్బి చేసే సోయా డిప్‌ని జనం పక్కకి తోసేది హార్మోన్ల భయంతో కాదండీ. కంపుతో! పచ్చి గింజ కంపు! హార్మోన్లు ఒట్టి సాకు.

సోయాలోని ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలకి ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ పోలికలున్నాయి, నిజమే. పని మాత్రం బాగా బలహీనం. మగవాళ్ల మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసినా మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గినట్టు తేలలేదు. ఇక ఆ గోల వదిలేయండి.

అసలు దొంగ లైపాక్సిజినేజ్ అనే ఎంజైమ్. గింజ పచ్చిగా చితికి, నీళ్లూ గాలీ తగిలాయా, లోపలి నూనెని పట్టుకుని ఆ వాసన పుట్టిస్తుంది. పుట్టాక ఎంత వెల్లుల్లి వేసినా పోదు! అందుకే పగిలిన గింజలు ఏరేయండి. 10 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. తర్వాత గింజల్ని చన్నీళ్లలో కాదు, తెర్లుతున్న నీళ్లలో వేయండి. వేడి దెబ్బకి ఎంజైమ్ చస్తుంది. కుక్కర్ సగానికి మించి నింపొద్దు, ఒక చెంచా నూనె వేయండి. లేదంటే నురగా పొట్టూ వెళ్లి ఆవిరి గొట్టానికి అడ్డం పడతాయి. వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. పలుకున్న గింజ అరగదు కూడా, ప్రోటీన్‌ని అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం అందులో ఇంకా మిగిలే ఉంటుంది.

2 కప్పుల ఉడికిన గింజలకి 3 పెద్ద చెంచాల నువ్వుల పేస్ట్, 2 చెంచాల నిమ్మరసం, ఒక వెల్లుల్లి రెబ్బ, ముప్పావు చిన్న చెంచా ఉప్పు. వెల్లుల్లిని నిమ్మరసంలోనే నూరి పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గుతుంది. గింజలు గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీలో వేసి, ఐస్ నీళ్లు చెంచా చెంచాగా పోయండి. నిమ్మరసం ఉడికేటప్పుడు పోశారో, గింజ మెత్తబడదు గాక మెత్తబడదు!

ఇంకో తప్పు, పైనుంచి నూనె గుమ్మరించడం. 100 గ్రాముల ఉడికిన సోయాలోనే 9 గ్రాముల కొవ్వుంది, మామూలుగా ఇలాంటి డిప్ (హమ్మస్) చేసే కాబూలీ శనగల్లో 3 కూడా లేదు. నునుపు ఆ సోయా కొవ్వు వల్లే వస్తుంది! ప్రోటీన్ అంటారా, సోయాలో సుమారు 17 గ్రాములు, శనగల్లో 9. పిండిపదార్థం శనగల్లో 27, ఇక్కడ 8 చిల్లర. "లో ఫ్యాట్" అని సోయా డిప్ అమ్మేవాళ్లని మాత్రం లేబుల్ తిప్పి చూపించమనండి.

సోయా అలర్జీ ఉంటే ముట్టుకోవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకీ దీనికీ కొన్ని గంటల ఎడం ఇవ్వండి. ఫ్రిజ్‌లో మూతపెడితే మూడు రోజులు. గట్టిపడుతుంది, భయపడకండి, ఒక చెంచా నీళ్లు కలిపితే సరి.