స్లాబు కార్బన్ ఎవరి ఖాతాలో రాయాలి?

[తెర మీద: ఇనుము కట్టేసిన స్లాబు, పక్కన సిమెంటు బస్తాల దొంతర]

రేపు పొద్దున్నే ఈ స్లాబు వేస్తారు. 400 బస్తాలు దించారు. అన్నీ 53 గ్రేడ్ ఓపీసీ, అంటే బూడిద కలపని మామూలు సిమెంటు. 50 కిలోల బస్తా ఒక్కటి తయారయ్యేసరికే సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోయి ఉంటుంది.

అంతా బొగ్గు పొగే అనుకుంటాం. సగానికి పైగా వచ్చేది సున్నపురాయిలోంచి. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు వాయువై పోతుంది. బట్టీని సోలార్ కరెంటుతో వేడి చేసినా ఆ 44 కిలోలు ఆగవు. అందుకే సిమెంటులో క్లింకర్, అంటే ఇలా బట్టీలో కాల్చి తీసిన ముద్ద, తగ్గించాలి. పీపీసీ అనే రకం సిమెంటులో థర్మల్ స్టేషన్ బూడిద 35 శాతం దాకా కలపొచ్చు. బస్తాకు పది కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినా ఈ ఒక్క స్లాబు మీదే 4 టన్నులు తగ్గినట్టు.

మరి గోడలకు పీపీసీ వాడే కాంట్రాక్టర్ స్లాబుకొచ్చేసరికి ఓపీసీ ఎందుకంటాడు?

[తెర మీద: స్లాబు కింద వరసగా జాకీలు]

వీటిని చూడండి. ప్రతి జాకీకీ, ప్రతి ప్లేటుకూ రోజువారీ అద్దె. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ అయితే, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకు 7 రోజులకు జాకీలు తీయొచ్చు. పీపీసీ మొదట్లో నిదానంగా గట్టిపడుతుంది, ఇంకొన్నాళ్లు ఉంచాలి. నీళ్లు పట్టడం కూడా 7 రోజులకు బదులు కనీసం 10. ఆ అద్దె కాంట్రాక్టర్ జేబులోంచి పోతుంది. తొందర మాత్రం గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ఓనరుది. సిమెంటు ఎంత పడుతుందో తేల్చే స్లాబు మందం ఇంజనీరు డ్రాయింగులో ఎప్పుడో ఖాయమైంది. ఇంతమంది కలిసి తీసుకున్న నిర్ణయాన్ని కాంట్రాక్టర్ ఒక్కడి నెత్తిన రుద్దడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

బ్రిటన్‌లో 2016లో వచ్చి, 2023లో సవరించిన పాస్ 2080 అనే, నిర్మాణాల్లో కార్బన్ తగ్గించే ప్రమాణం యజమాని, డిజైనర్, కాంట్రాక్టర్, సామాను సరఫరాదారు... నలుగురికీ పని పంచింది. అక్కడి ఎన్ఈసీ అనే నమూనా నిర్మాణ కాంట్రాక్టుల్లో 2022లో ఎక్స్29 అనే క్లాజు చేరింది. కార్బన్ లక్ష్యం అందుకుంటే అదనపు డబ్బు, తప్పితే కోత అని పట్టికే రాసుకోవచ్చు.

మన ఇంటి అగ్రిమెంటుకు అంత అక్కర్లేదు. మూడు వాక్యాలు చాలు:

[తెర మీద, చేతిరాతలో]
స్లాబులకు పీపీసీ వాడాలి.
క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మల బలం పరీక్ష) చూసి ఇంజనీరు చెప్పాకే జాకీలు తీయాలి.
7 రోజులు దాటిన సెంట్రింగ్ అద్దె ఓనరు కట్టాలి.