పడిందా, పడలేదా: పిల్లల డబ్బూ ఇంటి నిమ్మళమూ

(తిరుపతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అంగన్‌వాడీ టీచర్లకి ఇంకో నమస్కారం. రెండేళ్లుగా మీ రిజిస్టర్లు తిరగేశాను, మీ టీ తాగాను, మీ పని చెడగొట్టాను. ఈ రోజు నా వంతు అనుకుని కాసేపు భరించండి.

నా పీహెచ్‌డీ అంశం కాగితం మీద ‘పిల్లల పేరిట వచ్చే నగదు సాయం, కుటుంబ సంక్షేమం’ అని ఉండేది. మొదటిసారి పల్లెకు వెళ్లి ఆ మాట చెబితే ఒక పెద్దావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, ‘ఆపరేషన్ల గురించా పాపా? నీకింకా పెళ్లే కాలేదు గదా!’ అంది. తప్పు ఆమెది కాదు. కుటుంబ సంక్షేమం అంటే మన ఊళ్లలో కుటుంబ నియంత్రణ అనే అర్థం. ఆసుపత్రి గోడల మీద అన్నేళ్లు రాసి రాసి ఆ మాటకు అదే అర్థం స్థిరపడిపోయింది. ‘కాదవ్వా, ఇల్లు ఎట్లుందో తెలుసుకోవాలని’ అన్నాను. ‘నిమ్మళంగా ఉండామా లేదా అనా?’ అంది. అంతే. నాలుగు నెలలు పుస్తకాల్లో వెతికిన మాట ఆమె నోట్లో ఉంది. నిమ్మళం. థీసిస్‌లో నిర్వచనాల అధ్యాయం వేరే ఉంది గానీ, నా మనసులో మాత్రం ఈ చదువంతా నిమ్మళం గురించే.

చిత్తూరు జిల్లా వాళ్లకి ఈ పిల్లల డబ్బు సంగతి కొత్త కాదు. అమ్మఒడి పథకాన్ని 2020 జనవరి 9న ప్రారంభించింది చిత్తూరు పట్టణంలోనే. బడికి వెళ్లే బిడ్డ ఉన్న పేద తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు. బిడ్డలు ఎంతమంది ఉన్నా తల్లికి అంతే. తర్వాత బడి నిర్వహణకని 1,000, ఆ తర్వాత 2,000 పట్టుకుని మిగతాది వేశారు. ప్రభుత్వం మారాక తల్లికి వందనం వచ్చింది. 2025 జూన్ 12న మొదలైంది. ఇందులో చదువుకునే ప్రతి బిడ్డకీ లెక్క కడతారు, 15,000లో 13,000 తల్లికి, 2,000 బడికి. ఇది పెద్ద మార్పే. ముగ్గురు బిడ్డలున్న ఇంటికి ఒకటికి మూడింతలు. బ్రిటన్ 2017లో దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది, పేద కుటుంబాలకిచ్చే సాయంలో మొదటి ఇద్దరు పిల్లలకే లెక్క అంది. మూడో బిడ్డ చేసిన పాపం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను తయారు చేసుకున్న ప్రశ్నాపత్రంలో మొదటి ప్రశ్న ‘ఎంత వచ్చింది?’, రెండోది ‘దేనికి ఖర్చు చేశారు?’. రెండో ప్రశ్నకి అందరూ ఒకే జవాబు చెప్పారు: ‘బిడ్డ చదువుకే మేడమ్.’ చేతిలో ఫైలు పట్టుకుని వచ్చినదాన్ని చూసి ఎవరైనా అంతకంటే ఏం చెబుతారు? నేను సచివాలయం నుంచి వచ్చాననీ, పేరు తీసేస్తాననీ భయం. పది ఇళ్లు తిరిగాక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో రెండు ఆవులు పెట్టుకుని బతికే ఒక అక్క ఇంట్లో కూర్చున్నప్పుడు గోడ మీద టీటీడీ క్యాలెండర్ కనిపించింది. అది ఎవరింట్లో లేదు గనక! కానీ ఆ క్యాలెండర్ నిండా పెన్సిల్ గీతలు. పాల బిల్లు వచ్చే రోజు చుట్టూ సున్నా. పొదుపు సంఘం మీటింగ్ రోజు ‘సం’ అని. చీటీ పాట రోజు ‘చీ’. ఒకటో తేదీ మీద ‘అవ్వ’ అని రాసి ఉంది, అంటే అత్తగారి పింఛను. బజాజ్ కంతు కట్టే రోజు మీద పెద్ద అడ్డగీత, అది పోయే డబ్బు కాబట్టి. ‘అక్కా, బిడ్డ డబ్బు ఎక్కడ రాసినావు?’ అని అడిగాను. నవ్వింది. ‘ఎంతో తెలుసు, ఎప్పుడో తెలీదు. తెలీనిది యాడ రాసేది?’

తర్వాత ఒక రోజు కాగితం తీసుకుని, డబ్బు పడిన తేదీలు వరసగా రాసుకున్నాను. 2020 జనవరి. 2021 జనవరి. తర్వాత 2022 జూన్, అంటే పదిహేడు నెలల తర్వాత. 2023 జూన్. 2024లో లేదు. 2025 జూన్. ప్రతి మార్పుకీ ఏదో కారణం ఉంది, హాజరు 75 శాతం చూడాలనో, విద్యా సంవత్సరం మొదట్లో ఇస్తే మేలనో, ఎన్నికలనో. ఏ ప్రభుత్వాన్నీ నిలబెట్టి అడగడానికి నేను ఇక్కడికి రాలేదు. ఈ వరసను సెక్రటేరియట్ వైపు నుంచి కాకుండా ఆ క్యాలెండర్ వైపు నుంచి చూడమంటున్నాను.

చిన్న లెక్క చెబుతాను. బిడ్డ డబ్బు వస్తుంది కదా అని 2024 జూన్‌లో ఒక తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చిందనుకోండి. నెలకి 300. డబ్బు 2025 జూన్‌లో పడింది. పన్నెండు నెలల వడ్డీ 3,600. చేతికొచ్చిన 13,000లో అసలూ వడ్డీ కలిపి 13,600 ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చినదంతా ఇచ్చేసి పైన ఇంకో 600 తను వేసుకుంది. ఆ 600 ఏ రికార్డులోనూ ఉండదు. రికార్డులో ఆమె లబ్ధిదారు.

అదే ఊళ్లో అంగడాయన పాల బిల్లు మీద అరువు ఇస్తాడు, పింఛను మీద ఇస్తాడు, బిడ్డ డబ్బు మీద ఇవ్వడు. ‘అది గాలి మాట మేడమ్, పడినాక చూద్దాం’ అన్నాడు. ఆర్థిక శాస్త్రంలో దీని మీద పెద్ద పెద్ద పేపర్లున్నాయి. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం, మళ్లీ ఇక్కడికే వస్తాను.

పిల్లల డబ్బు తల్లికే ఇవ్వాలన్న మాట మన దగ్గర పుట్టింది కాదు. బ్రిటన్‌లో ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలు దాదాపు పాతికేళ్లు దీని కోసం పోరాడింది. 1945లో చట్టం వచ్చేటప్పుడు ముసాయిదాలో డబ్బు తండ్రికి అని రాశారు. అలాగైతే వ్యతిరేకంగా ఓటేస్తానని ఆమె మొండికేసింది, తల్లికి అని మార్చారు. 1946 ఆగస్టులో మొదటిసారి తల్లులు పోస్టాఫీసుల ముందు నిలబడి, రెండో బిడ్డ నుంచి బిడ్డకి వారానికి ఐదు షిల్లింగులు తీసుకున్నారు. ఆ రోజు చూడటానికి ఆమె లేదు, అదే ఏడాది జనవరిలో పోయింది. 1977 నుంచి అక్కడ ఇంకో మార్పు చేశారు. అప్పటిదాకా పిల్లల పేరు మీద తండ్రి జీతంలో వచ్చే పన్ను రాయితీని తీసేసి, ఆ మొత్తాన్ని కూడా తల్లికిచ్చే డబ్బులో కలిపారు. ఇంటికి వచ్చేది దాదాపు అంతే, జేబు మారింది. లండ్‌బర్గ్, పొలాక్, వేల్స్ అనే ముగ్గురు పరిశోధకులు 1997లో అచ్చేసిన పేపర్‌లో చూపించింది ఏమిటంటే, ఆ తర్వాత మగవాళ్ల బట్టల ఖర్చుతో పోలిస్తే ఆడవాళ్ల బట్టలకీ పిల్లల బట్టలకీ పెట్టే ఖర్చు పెరిగింది. ఈ సంగతి చెబితే మా అమ్మ ‘దీనికి పరిశోధన కావాల్నా?’ అంది.

కావాలి అనే అంటాను. ఎందుకంటే మన దగ్గర డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది గానీ, ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు చాలా ఇళ్లలో భర్తది. మెసేజ్ అతనికే వస్తుంది. ఒకామెకి డబ్బు పడిన సంగతి నాలుగో రోజు పక్కింటి వాళ్ల ద్వారా తెలిసింది. ఇంకొకామెకి అసలు ఏ బ్యాంకులో పడిందో తెలియలేదు. ఆధార్ చివరగా ఏ ఖాతాకి లింకయి ఉంటే డబ్బు అక్కడికే పోతుంది, ఆమెకి ఎప్పుడో ఒక లోన్ కోసం తీసిన ఖాతా అది. పడినట్టు స్టేటస్‌లో ఉంది, చేతిలో మాత్రం లేదు. మూడు రోజుల కూలి పోగొట్టుకుని వెతికింది. జూన్ నెలలో మన పల్లెల్లో పలకరింపే మారిపోతుంది, గమనించారా? ‘తిన్నావా’ బదులు ‘పడిందా’ అంటారు.

తిరుపతి ఊళ్లో కష్టం వేరు. నెలకి 300 యూనిట్లు దాటి కరెంటు వాడితే అర్హత ఉండదు. ఒకే ఇంట్లో మూడు పోర్షన్లు, ఒకే మీటరు. పూలు కట్టి బతికే తల్లి ఇంట్లో ఉన్నది ఒక ఫ్యానూ రెండు బల్బులూ, కానీ ఆమె ఆధార్ తగిలి ఉన్న మీటరు ఇంటి ఓనరుది, ఆయనకి రెండు ఏసీలు. దీని మీద ఎక్కువ చెప్పను, దరఖాస్తులు రాసి రాసి నాకే చేయి నొప్పి పుట్టింది.

కుప్పం వైపు నేను చూసిన ఒక ఇంటి గురించి మాత్రం చెప్పాలి. అమ్మా నాన్నా బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నారు. ఇద్దరు ఆడబిడ్డలు అవ్వ దగ్గర. తల్లికి వందనం డబ్బు బెంగళూరులో ఉన్న తల్లి ఖాతాలో పడింది, అక్కడి గది అడ్వాన్సుకి పోయింది. నేను ఆ తల్లిని తప్పుపట్టను, ఆ గది లేకపోతే పనే లేదు. మరి ఇక్కడ బిడ్డలకి? అవ్వకి వచ్చే 4,000 పింఛను. ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికి వచ్చి ఇస్తారు, ఒకటో తేదీ సెలవైతే ముందు రోజే ఇచ్చేస్తారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో కోడికూర. చిన్నది అవ్వ కొంగు పట్టుకుని అంగడికి పోయి అరటిపండ్లు కొనిపించుకుంది, నేను పక్కనే ఉన్నాను. ముసలివాళ్ల పింఛను అని మనం పేరు పెట్టిన డబ్బు ఆ ఇంట్లో పిల్లల డబ్బు. పిల్లల డబ్బు అని పేరు పెట్టింది గది బాడుగ. దక్షిణాఫ్రికాలో ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్త సరిగ్గా ఇదే చూసింది. అవ్వలకి పింఛను వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల బరువూ ఎత్తూ మెరుగుపడ్డాయి, తాతలకి వచ్చిన ఇళ్లలో అలాంటి తేడా కనబడలేదు. తాతలు క్షమించాలి.

అలాగైతే పిల్లల డబ్బు కూడా నెలనెలా ఇస్తే పోదా? మొదట్లో నా వాదన అదే. అమెరికా ఉదాహరణ కూడా దగ్గర పెట్టుకున్నాను. 2021లో అక్కడ పిల్లల పన్ను రాయితీ పెంచి, అందులో సగం జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఖాతాల్లో వేశారు. ఆ ఏడాది వాళ్ల లెక్కలో పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. పెంపు ఆపేశాక 2022లో 12.4కి ఎగిరింది. ఇంతకంటే ఏం రుజువు కావాలని నా ధీమా.

ఆ క్యాలెండర్ అక్కకి ఇది చెబితే ఒప్పుకోలేదు. ‘నెలకి వెయ్యి ఇస్తే ఉప్పుకీ పప్పుకీ కరిగిపోతుంది పాపా. ఒకేసారి వస్తే కుదవలో ఉండే కమ్మలు విడిపించుకుంటా, ఆవుకి ఇన్సూరెన్సు కడతా. గంపగానే ఇయ్యమను, రోజు మాత్రం చెప్పమను.’ పక్కన కూర్చున్న ఆమె తోడికోడలు మాత్రం నెలనెలా వస్తేనే మేలంది, ఎందుకంటే గంపగా వస్తే ఇంట్లో దానికి ఇంకొకరి కన్ను పడుతుందట. ఎవరి కన్నో చెప్పలేదు. వాళ్లిద్దరూ అరగంట వాదించుకున్నారు, నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు, తేదీ. మా గైడ్ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, నీ థీసిస్ నెలవారీ పక్షమా, ఏడాది పక్షమా అని. ఒకటో తేదీ పక్షం సార్ అంటున్నాను. ఆయనకి ఆ జవాబు నచ్చలేదు, పరీక్షకులకి నచ్చుతుందో లేదో చూడాలి.

నేను ఆ క్యాలెండర్ అక్క ఇంటికి వెళ్లింది 2025 మే నెలలో. బయల్దేరేటప్పుడు ఆమె క్యాలెండర్‌లో జూన్ కాగితం ఎత్తి చూపించింది. మొదటి వారంలో ఒక చోట పెన్సిల్‌తో ‘బి’ అని రాసి చెరిపిన మచ్చ. మూడో వారంలో ఇంకోటి, అదీ చెరిపిందే. ‘పెద్ద చదువు చదివినావు గదా, ఈ తూరి ఏ రోజు పడుతుందో చూసి చెప్పు, ఇక్కడ రాసుకుంటా’ అని పెన్సిల్ నా చేతికిచ్చింది. ఫోన్ తీసి వెతికాను. సిగ్నల్ ఉంది, తేదీ లేదు. పెన్సిల్ తిరిగి ఇచ్చేశాను.