పాస్ ఉన్న కుర్రోడు ఆర్టీసీ లెక్కలోనే లేడు!

రణస్థలం స్టాపు, పొద్దున్న ఎనిమిదిన్నర. శ్రీకాకుళం వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఆగింది. చెల్లెలు ఆధార్ చూపించింది, కండక్టర్ టికెట్లు కొట్టే టిమ్ మిషన్ నొక్కాడు, సున్నా రూపాయల టికెట్ చేతికొచ్చింది. అన్న జేబులోంచి స్టూడెంట్ పాస్ తీశాడు. "ఇది ఎక్స్‌ప్రెస్ బాబూ, పాస్ చెల్లదు, పల్లెవెలుగు ఎక్కు." అంతే, తలుపు పడింది. డబ్బులు కట్టి పాస్ చేయించుకున్నోడు రోడ్డు మీద నిలబడ్డాడు!

2025 ఆగస్టు 15న ఆంధ్రాలో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు పథకం స్త్రీశక్తి మొదలైన దగ్గర్నుంచీ ఒకటే గొడవ కదా, మగపిల్లలకీ ఫ్రీ ఇవ్వాలా వద్దా అని. ఆడపిల్లలకి ఇచ్చింది నూటికి నూరుపాళ్లు మంచిపని, దాని జోలికెళ్లేవాళ్లతో నాకు పనిలేదు. నేను అడిగేది వేరు. ఈ కుర్రోడికి ఫ్రీ కన్నా ముందు కావాల్సింది టికెట్. అవును, టికెట్ ముక్క!

ఏటంటే, చెల్లెలు ఎక్కినప్పుడు మిషన్‌లో ఏ స్టేజీలో (ఛార్జీ లెక్కకట్టే స్టాపులో) ఎక్కింది, ఎక్కడ దిగుతుంది, ఏ టైము, అన్నీ పడతాయి. ఆ జీరో టికెట్లు లెక్కేసి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇస్తుంది. మరి పాస్ కుర్రోడు పల్లెవెలుగు ఎక్కితే? కండక్టర్ పాస్ చూస్తాడు, తల ఊపుతాడు. మిషన్‌లో టికెట్ పడదు. ఎన్ని పాసులు అమ్మారో కౌంటర్‌కి తెలుసు. కానీ ఎనిమిదింబావు బస్సులో ఎచ్చెర్ల దాకా ఎంతమంది వేలాడారో ఏ మిషనూ చెప్పదు. టికెట్ కొట్టరు కాబట్టి లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి బస్సు లేదు! బస్సుకి ఓఆర్ ఎంత, అంటే సీట్లు ఎంత శాతం నిండాయి అని చూసి సర్వీసులు పెంచేచోట, ఫుట్‌బోర్డు మీదున్న పాతికమంది గాలితో సమానం.

విజయనగరంలో చూడండి. చీపురుపల్లి వైపు నుంచి, గజపతినగరం వైపు నుంచి కాలేజీ పిల్లలంతా ఒకే గంటలో కాంప్లెక్స్‌కి, అంటే ఆర్టీసీ బస్టాండుకి చేరాలి. పల్లెవెలుగు ఒకటి తప్పిందా, మొదటి పీరియడ్ పోయింది. హాజరు 75 శాతం లేకపోతే పరీక్షకి ఎవరు కూర్చోనిస్తారు?

ఇంకోటి, పాతపట్నం పక్కనే పర్లాకిమిడి ఉంది. అటునుంచి ఇటు చదువుకోడానికొచ్చే ఆడపిల్ల ఆధార్‌లో ఒడిశా అడ్రసు ఉంటే జీరో టికెట్ రాదు. ఆ పిల్లకీ పాసే దిక్కు. అంటే ఇది మగపిల్లల గోల మాత్రమే కాదు!

అందుకే నా మాట: పాస్‌కి కూడా జీరో టికెట్ కొట్టండి, పాస్ మీద రాసిన రూటు వరకూ ఎక్స్‌ప్రెస్ ఎక్కనివ్వండి. కండక్టర్లు గగ్గోలు పెడతారు, వాళ్ల బాధ న్యాయమే. కిక్కిరిసిన బస్సులో స్టేజీ దాటేలోపు అందరికీ టికెట్ కొట్టకపోతే చెకింగ్‌లో దొరికేది కండక్టరే. దానికి గ్రౌండ్ బుకింగ్ ఉందిగా! కాంప్లెక్స్‌లో బస్సు కదలకముందే కింద నిలబడి టికెట్లు కొట్టడం ఆర్టీసీకి కొత్తేమీ కాదు. పొద్దున్న గంటన్నర, సాయంత్రం గంటన్నర చాలు.

ఈలోగా పాస్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త. ఆన్‌లైన్ ఫారంలో పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. మీ ఊరు స్టేజీల్లో లేకపోతే దగ్గరి స్టేజీ పెట్టండి. ఫారం పంపేశాం కదా అని కూర్చోకండి, కాలేజీవాళ్లు ఓకే చెయ్యకపోతే కౌంటర్‌లో ఎంతసేపు నిలబడినా పాస్ రాదు. బేగి వెళ్లి ఆఫీసులో అడగండి.

బస్సు కావాలంటే "బస్సులు చాలట్లేదు సార్" అంటే కుదరదు. ఒక వారం ఒకే బస్సు పట్టుకోండి. ఏ స్టాపు, ఏ టైము, పాసులున్నవాళ్లు ఎంతమంది ఎక్కారు, ఎంతమంది మిగిలిపోయారు, రోజువారీ రాయండి. కింద పాస్ నంబర్లు, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు. రెండు కాపీలు. ఒకటి డిపో మేనేజర్‌కి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం పెట్టించుకుని మీ దగ్గర దాచండి. మిషన్ రాయని లెక్క మనం రాసి ఇద్దాం.