హెర్2 స్లైడ్ చదవడం: గోధుమ రంగు చూసి తొందరపడొద్దు

స్క్రీన్ కనిపిస్తోంది కదా... ఆ, కనిపిస్తోంది. ఎడమ వైపు గులాబీ, ఊదా రంగుల్లో ఉన్నది హెచ్ అండ్ ఈ, అంటే కణాల ఆకారం కనిపించడానికి వేసే మామూలు స్టెయిన్. కుడి వైపు గోధుమ రంగులో ఉన్నది అదే ముక్కకి వేసిన హెర్2 స్టెయిన్, హెర్2 అనే ప్రోటీన్ ఉన్న చోట గోధుమ రంగు వస్తుంది. రొమ్ము క్యాన్సర్ బయాప్సీ. పేషెంటు పేరు, ల్యాబ్ నంబరు అన్నీ తీసేశాను, వెతక్కండి.

ఈ వీడియో పాథాలజీలో కొత్తగా చేరిన పీజీలకి, ల్యాబ్ టెక్నీషియన్లకి. ఇంట్లో ఎవరికైనా రిపోర్టు వచ్చి, అందులో "హెర్2 టూ ప్లస్" అని (జీరో నుంచి త్రీ ప్లస్ దాకా ఇచ్చే స్కోరు అది) రాసుంటే టెన్షన్ పడుతున్నవాళ్లు కూడా చూడొచ్చు. కానీ ఇది చూసి మందుల గురించి నిర్ణయాలు తీసుకోకండి, మీ ఆంకాలజిస్టు దగ్గర కూర్చుని మాట్లాడండి.

స్లైడ్‌లోకి వెళ్లేముందు రెండు నిమిషాలు రిసెప్టర్ సంగతి. తెలిసినవాళ్లు ముందుకి జరుపుకోండి, ఏమీ అనుకోను.

ఈ బొమ్మ చూడండి. ఇది కణం పైపొర. దానికి అడ్డంగా గుచ్చుకుని ఉన్నది హెర్2. కొంత బయటికి, కొంత లోపలికి. మామూలుగా ఇలాంటి రిసెప్టర్లలో బయటి భాగం కబురు అందుకుంటుంది, లోపలి భాగం దాన్ని కణానికి చేరవేస్తుంది. పెరుగు, రెండుగా చీలు, చావకు... ఇవీ ఆ కబుర్లు. హెర్2కి తోడబుట్టినవి మూడు: ఈజీఎఫ్‌ఆర్, హెర్3, హెర్4. ఇవి ఒంటరిగా పని చేయవు, జత కట్టాలి.

కోలాటం అనుకోండి. మిగతావాళ్లు కర్ర దించుకుని నిలబడతారు, బయటి నుంచి కబురు తెచ్చే గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి తగిలితేనే కర్ర ఎత్తుతారు. హెర్2 అలా కాదు. దానికి సొంతంగా అతుక్కునే గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ ఇంతవరకు దొరకలేదు. అది ఎప్పుడూ కర్ర ఎత్తే ఉంటుంది, జతగాడి కోసం. హెర్3తో జత కలిస్తే మరీ జోరు.

మామూలు కణం మీద ఇవి సుమారు 20 వేలు ఉంటాయని లెక్క చెప్తారు. ఈ జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంది. కొన్ని క్యాన్సర్లలో ఆ ఒక్క జీన్ కాపీలు విపరీతంగా పెరిగిపోతాయి. అప్పుడు కణం మీద హెర్2 లెక్క 20 లక్షల దాకా పోతుంది. ఇరుకు పందిట్లో అంతమంది కర్రలెత్తి నిలబడితే ఏం జరుగుతుంది? ఎవరూ పిలవకుండానే ఆట మొదలవుతుంది, ఇక ఆగదు.

రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం. 1987లో డెనిస్ స్లామన్ బృందం ఈ కాపీలు ఎక్కువున్నవాళ్లకి జబ్బు త్వరగా తిరగబెడుతోందని, ఆయుష్షు తగ్గుతోందని చూపించింది. 1998 సెప్టెంబరులో అమెరికాలో ట్రాస్టుజుమాబ్‌కి అనుమతి వచ్చింది. హెర్సెప్టిన్ అంటే గుర్తుపడతారు. అది వచ్చి ఈ బయటి భాగాన్ని, ఇదిగో పైపొరకి దగ్గరగా ఉన్న ఈ ముక్కని పట్టుకుంటుంది. తర్వాత వచ్చిన పెర్టుజుమాబ్ ఇంకా పైన పట్టుకుంటుంది, సరిగ్గా ఆ కర్ర ఎత్తిన చేతినే. రెండూ కలిపి ఎందుకిస్తారో ఈ బొమ్మ చూస్తే అర్థమవుతుంది, రెండింటికీ చోటు వేరు.

సరే, స్లైడ్.

నేను వాడుతున్నది క్యూపాత్, కంప్యూటర్లో స్లైడ్లు చూసే సాఫ్ట్‌వేర్. ఉచితం. మీ దగ్గర మైక్రోస్కోపే ఉంటే మైక్రోస్కోపే చాలు, నాకూ అదే ఇష్టం నిజానికి. రైట్ క్లిక్, మల్టీ వ్యూ, ఇంకో కాలమ్. రెండు స్లైడ్లూ పక్కపక్కన. కంట్రోల్, ఆల్ట్, ఎస్ నొక్కితే రెండూ కలిసి కదులుతాయి. ఈ షార్ట్‌కట్ గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పెద్ద పనుంది.

ముందు కంట్రోల్స్, అంటే రంగు రావాలో రాకూడదో ముందే తెలిసిన ముక్కలు. పాజిటివ్ కంట్రోల్ ముదురుగా వచ్చిందా, వచ్చింది. నెగటివ్ ఖాళీగా ఉందా, ఉంది. మన ముక్కలోనే ఒక మామూలు డక్ట్, అంటే పాల గొట్టం ఉంది చూశారా, ఇక్కడ. ఇది దాదాపు తెల్లగా ఉండాలి. ఇదే ముదురు గోధుమ రంగులోకి వచ్చేస్తే ఆ రోజు స్టెయినింగ్ ఎక్కువైందని అర్థం, రిపీట్ పెట్టుకోవాలి. మనకి బాగానే ఉంది. ముందుకి.

ఫిక్సేషన్, అంటే ముక్క పాడవకుండా నిలపడం, అది కూడా చూడాలి. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా. రిక్విజిషన్ ఫారం మీద టైము రాసి పంపమని అడుగుతూనే ఉంటాం, ఆ గడి ఖాళీగా వస్తూనే ఉంటుంది. మాకొకసారి ముక్క సెలైన్‌లో వచ్చింది. దానికి హెర్2 చేసి చూపించినా నేను నమ్మను.

ఇప్పుడు లో పవర్. 4ఎక్స్. కళ్లు కొంచెం చిన్నవి చేసుకుని చూడండి, నిజంగా చెప్తున్నా. ఇక్కడే గోధుమ రంగు గీతలు కనిపిస్తే అది త్రీ ప్లస్ వైపు. 10, 20కి వెళ్తేగానీ కనిపించకపోతే టూ ప్లస్. 40 పెట్టి, ఫోకస్ అటూ ఇటూ తిప్పితేగానీ దొరక్కపోతే వన్ ప్లస్. ఇది అడ్డదారి, అధికారిక నిర్వచనం కాదు. కానీ అనుభవమున్నవాళ్లంతా లోలోపల ఇదే చేస్తారు.

నిర్వచనం ఇదిగో, స్క్రీన్ మీద పెట్టాను, చదువుకోండి. 10 శాతానికి మించి కణాల్లో, కణం చుట్టూ పూర్తిగా, ముదురుగా ఉంటే త్రీ ప్లస్. చుట్టూ పూర్తిగా ఉంది కానీ పలచగానో మధ్యస్థంగానో ఉంటే టూ ప్లస్. కణం చుట్టూ తెగిపోయి, ఉందో లేదో అన్నట్టుంటే వన్ ప్లస్. త్రీ ప్లస్‌ని ఒక్కసారి చూస్తే మరిచిపోరు. కోళ్ల గూటికి కట్టే జాలీ ఉంటుంది కదా, అచ్చం అదే. ఇదిగో ఈ పాత కేసులో చూడండి, జాలీ.

చూడాల్సింది పైపొర మాత్రమే. కణం లోపలంతా గోధుమ రంగు పులుముకున్నా దాన్ని లెక్కలోకి తీసుకోం. మందు వచ్చి పట్టుకోవాల్సింది బయట ఉన్నదాన్ని. లోపలున్నది దానికి అందదు. అలాగే ముక్క అంచులు వదిలేయండి. దోసె అంచు ముందు ఎర్రబడ్డట్టు బయాప్సీ అంచు కూడా ఊరికే ముదురుతుంది. నలిగిపోయిన కణాలూ అంతే.

ఇక్కడిదాకా తేలిక. ఇప్పుడు చెప్పేది మాత్రం ఆగి వినండి. నేను బోర్లా పడ్డది ఇక్కడే.

పీజీ రెండో సంవత్సరం. సాయంత్రం అయిపోయింది, ట్రేలో చివరి స్లైడు. 4ఎక్స్‌లో పెట్టగానే గోధుమ రంగు వెలిగిపోతోంది. 10కి వెళ్లా, జాలీ. బ్రహ్మాండమైన జాలీ. త్రీ ప్లస్ అని రాసేసి, మేడం టేబుల్ మీద పెట్టేసి బ్యాగు తగిలించుకున్నా. మేడం చూసి, "ఏమ్మా, ఈ రంగు ఏ కణాలకి వచ్చిందో చూశావా?" అన్నారు. ట్యూమర్ కణాలకే మేడం, అన్నాను. "హెచ్ అండ్ ఈ తియ్యి."

తీశాను. అదే ఇప్పుడు మీకు చూపిస్తున్నా. ఆ కేసు కాదు, అలాంటిదే ఇంకొకటి. కుడి వైపు చూడండి, ఈ గుండ్రటి గూళ్లు. ముదురు గోధుమ రంగు, నిండుగా. ఇప్పుడు ఎడమ వైపు, అదే చోటు. రెండూ కలిసి కదులుతున్నాయి కదా, అందుకే ఆ షార్ట్‌కట్ చెప్పాను. ఈ గూళ్ల అంచు నున్నగా ఉంది. మధ్యలో కణాలు చచ్చి, పిండిలా రాలి ఉన్నాయి. ఇది ఇన్వేసివ్, అంటే డక్ట్ గోడ దాటి పాకిన క్యాన్సర్ కాదు. డీసీఐఎస్. క్యాన్సర్ కణాలే, కానీ ఇంకా డక్ట్ గోడ దాటనివి.

మరి ఇన్వేసివ్ ఎక్కడుంది? ఇదిగో, గూళ్ల మధ్య సందుల్లో, చీమల బారులా వెళ్తున్న ఈ చిన్న గుంపులు. వాటిని కుడి వైపు చూడండి. 4ఎక్స్‌లో ఏమీ లేదు. 10లో ఏమీ లేదు. 40 పెడుతున్నా... అక్కడక్కడ పలచగా, తెగిపోయిన గీతలు. వన్ ప్లస్. అంతే.

హై గ్రేడ్ డీసీఐఎస్‌లో హెర్2 బలంగా రావడం చాలా మామూలు. దాని పక్కనే ఉన్న ఇన్వేసివ్ కణాల్లో అది ఉండకపోవచ్చు. మనం స్కోరు ఇవ్వాల్సింది ఇన్వేసివ్‌కి మాత్రమే. కంటికి మాత్రం ముందు కనిపించేది ముదురు రంగే. అదీ ఇబ్బంది.

ఆ రోజు నా రిపోర్టు బయటికి వెళ్లలేదు. మేడం ఆపారు. వెళ్లుంటే ఆ పేషెంటుకి మూడు వారాలకోసారి చొప్పున ఏడాది పాటు ఇంజెక్షన్లు పెట్టేవాళ్లు. గుండె కండరం మీద కూడా హెర్2కి పనుంది, అందుకే ఈ మందు ఇచ్చినప్పుడు మూడు నెలలకోసారి ఎకో తీయించాలి. అంత ఖర్చు, ఆ గుండె భయం, పట్టుకోవడానికి చాలినన్ని రిసెప్టర్లు లేని కణాల కోసం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. హెచ్ అండ్ ఈ చూసి, ఇన్వేసివ్ ఉన్న చోట ముందు గీత గీసుకుంటాను. గాజు స్లైడ్ అయితే మార్కర్ పెన్నుతో చుక్కలు. క్యూపాత్‌లో బి నొక్కితే బ్రష్ వస్తుంది, దానితో. గీత గీశాకే హెర్2 స్లైడ్ ముట్టుకుంటాను. ఇన్వేసివో కాదో అనుమానముంటే పీ63 అనే స్టెయిన్ వేయించండి. డక్ట్ అంచున ఉండే మయోఎపిథీలియల్ కణాల వరస గూడు చుట్టూ కనిపిస్తే అది డీసీఐఎస్. నాతో పనిచేసే కొందరు ఇదంతా చాదస్తం అంటారు. అననివ్వండి.

సరే, టూ ప్లస్ వస్తే? ఫిష్, అంటే జీన్ కాపీలని మెరిసే చుక్కలుగా లెక్కపెట్టే పరీక్ష. ఇది గబగబా చెప్పేస్తాను, దీనికి వేరే వీడియో ఉంది. ఎర్ర చుక్కలు హెర్2 జీన్, పచ్చ చుక్కలు 17వ క్రోమోజోమ్ సెంట్రోమియర్, అంటే దాని నడుము. కనీసం 20 కణాలు లెక్కపెట్టాలి. ఎర్రవాటికీ పచ్చవాటికీ నిష్పత్తి 2 గానీ అంతకుమించి గానీ ఉండి, ఎర్ర చుక్కల సగటు 4కి తగ్గకపోతే పాజిటివ్. రెండూ తక్కువైతే నెగటివ్. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే... ఆ గోల ఆ వీడియోలో. ఇక్కడ కూడా ఇన్వేసివ్ కణాలే లెక్కపెట్టాలి. చీకట్లో డీసీఐఎస్‌ని పోల్చుకోవడం ఇంకా కష్టం, కాబట్టి గీత గీసిన హెచ్ అండ్ ఈ పక్కనే పెట్టుకోండి.

ఇక మొన్నమొన్నటిదాకా వన్ ప్లస్ అంటే నెగటివ్ అని రాసి ఊరుకునేవాళ్లం. జీరోకీ వన్ ప్లస్‌కీ తేడా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, నేనూ పట్టించుకోలేదు. 2022లో అది మారింది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అని, అదే యాంటీబాడీకి కీమో మందు తగిలించి పంపిస్తారు. ఒక్కో యాంటీబాడీకి సుమారు 8 అణువులు. ఇక్కడ రిసెప్టర్‌ని ఆపడం ఒక్కటే కాదు పని, రిసెప్టర్ ఒక గుమ్మం. మందు ఆ గుమ్మంలోంచి లోపలికి పోయి విడిపోతుంది, పక్క కణాల్లోకి కూడా పాకుతుంది. అందుకే గుమ్మాలు కొన్నే ఉన్నా పని జరుగుతుంది. జబ్బు వేరే చోట్లకి పాకిన "హెర్2-లో" (హెర్2 తక్కువున్న) పేషెంట్లలో, అంటే వన్ ప్లస్ గానీ, టూ ప్లస్ ఉండి ఫిష్ నెగటివ్ గానీ అయినవాళ్లలో, డెస్టినీ బ్రెస్ట్ 04 ట్రయల్ చేశారు. మామూలు కీమోతో మధ్యస్థ ఆయుష్షు (మీడియన్) 16.8 నెలలుంటే దీనితో 23.4 నెలలు. 2025 జనవరిలో అమెరికాలో కొందరు పేషెంట్ల విషయంలో ఇంకా కిందికి దిగారు, 10 శాతం లోపు కణాల్లో పలచగా ఉన్నా సరే, "హెర్2 అల్ట్రా-లో" అని. అంటే 40ఎక్స్‌లో ఫోకస్ తిప్పుతూ వెతికే ఆ విసుగు పని ఇప్పుడు ఉత్త విసుగు పని కాదు.

ఒక చిన్న తిరకాసు, ఇష్టమున్నవాళ్లకి. స్టెయినింగ్‌కి మనం ఎక్కువగా వాడే 4బీ5 అనే యాంటీబాడీ పట్టుకునేది హెర్2 లోపలి భాగాన్ని. ట్రాస్టుజుమాబ్ పట్టుకునేది బయటి భాగాన్ని. కొన్ని ట్యూమర్లలో బయటి భాగం తెగిపోయిన పొట్టి హెర్2 ఉంటుంది. స్లైడ్ మీద గోధుమ రంగు వస్తుంది, మందుకి మాత్రం పట్టు దొరకదు. లాపటినిబ్ లాంటి మాత్రలు కణం లోపలికి వెళ్లి అక్కడి ఎంజైమును ఆపుతాయి కాబట్టి వాటికి బయటి భాగం ఉన్నా లేకపోయినా ఒకటే.

కడుపు క్యాన్సర్ స్లైడ్ మీ ముందుకొస్తే ఇవాళ నేర్చుకున్న "చుట్టూ పూర్తిగా" అన్న మాట పక్కన పెట్టండి. అక్కడ గ్లాండు కణాలకి పైన తెరిచి ఉంటుంది, మూడు వైపులే రంగొచ్చినా లెక్కలోకి వస్తుంది. దాని పట్టిక వేరు.

ఇప్పుడు ఇంకో స్లైడ్ పెడుతున్నాను. నేనేమీ చెప్పను, స్కోరు మీరే వేయండి. వీడియో ఆపుకోండి... హెచ్ అండ్ ఈ ఇదిగో, ముందు గీత గీయండి. కుడి చేతి వైపు పైన ముదురుగా ఒక ముద్ద కనిపిస్తోంది కదా, అక్కడికి మాత్రం వెంటనే వెళ్లకండి.