తిన్నప్పుడే రాయండి

అందరికీ నమస్కారం.

"నేను తినేది చాలా తక్కువండీ, అయినా బరువు తగ్గడం లేదు." బరువు తగ్గాలనుకునేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాం. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తమకు తెలిసిన లెక్కే చెబుతున్నారు. చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది.

1992లో అమెరికా పరిశోధకులు ఇలాంటివాళ్లను కొందరిని పరీక్షించారు. శరీరం కేలరీలు ఖర్చు చేసే తీరులో లోపమేమీ కనబడలేదు. తిన్నామని చెప్పిన దానికీ నిజంగా తిన్నదానికీ మాత్రం పొంతన కుదరలేదు. సగటున 47 శాతం తక్కువ చెప్పారు. చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ చెప్పారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: తిన్నది తిన్నప్పుడే రాయండి. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తు చేసుకుని రాస్తే, మూడు పూటల భోజనమే గుర్తొస్తుంది. వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే పారేయడం ఇష్టంలేక తినేసినవి, టీలో రెండో చెంచా చక్కెర జారిపోతాయి. నూనె సంగతైతే చెప్పనక్కర్లేదు. ఒక్క టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. సీసా నుంచి నేరుగా ఒంపేస్తే ఎన్ని చెంచాలు పడ్డాయో ఎవరికి తెలుస్తుంది? కొన్నాళ్లపాటైనా చెంచాతో కొలిచి పోయండి.

పుస్తకమా, ఫోనా అన్నది మీ ఇష్టం. ఏం తిన్నారు, ఎంత, ఎన్నింటికి అన్నవి రాసి, పక్కన ఇంకో ముక్క కూడా చేర్చండి: అప్పుడు ఆకలిగా ఉందా? "సాయంత్రం 5:40, నాలుగు బిస్కెట్లు, ఆకలి లేదు, పని టెన్షన్." నా దృష్టిలో కేలరీల అంకె కంటే ఈ చివరి రెండు మాటలే విలువైనవి. వారంలో నాలుగు సాయంత్రాలు అదే వరస కనిపిస్తే, మార్చాల్సింది రాత్రి భోజనం కాదని తెలుస్తుంది. ఆ ఒక్క అలవాటు మీదే దృష్టి పెట్టండి. అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే ఏదీ నిలవదు.

2008లో వెలువడిన ఒక అధ్యయనంలో దాదాపు 1,700 మంది పాల్గొన్నారు. రోజూ రాసినవాళ్లు, అసలు రాయనివాళ్ల కంటే రెట్టింపు బరువు తగ్గారు. రాసేవాళ్లకు పట్టుదల కూడా ఎక్కువే ఉండొచ్చు, ఆ ఘనతంతా పుస్తకానిదే అనను. కానీ రోజూ కళ్లెదుట కనిపించే లెక్క ఆ పట్టుదలకు దారి చూపిస్తుంది. టైమ్ లేదంటారా? 2019లో వచ్చిన మరో అధ్యయనంలో మొదటి నెల రోజుకు 23 నిమిషాలు పట్టిన పని, ఆరో నెలకు 15 నిమిషాలకు వచ్చింది.

ఒక రోజు రాయడం మరిచిపోతే దాని గురించి బాధపడకండి, తర్వాతి పూట నుంచి మళ్లీ రాయండి. వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గితే చాలు. అంతకన్నా తొందర వద్దు.

అయితే ఇది అందరికీ సరిపడే పద్ధతి కాదు. తిండి విషయంలో మానసికంగా నలిగిపోయినవాళ్లు, రాసేకొద్దీ అపరాధభావం పెరుగుతున్నవాళ్లు వెంటనే ఆపేసి నిపుణులతో మాట్లాడాలి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తిండి తగ్గించకూడదు, షుగర్ పడిపోయే ప్రమాదముంది. వెళ్లేటప్పుడు ఈ పుస్తకం వెంట తీసుకెళ్లండి. మీరు ఏ వేళకు ఎంత తింటున్నారో చూస్తే, మందు మోతాదు నిర్ణయించడం డాక్టర్‌కు సులువవుతుంది.